సోల్డర్ చుక్క

“రెండో లెన్స్ సుత మార్చినవ్. అయినా డిస్కు చదువుతలేదు. ఇగ దుకాణం బంద్ చేసి ఫోన్ కవర్లు అమ్ముకో అంకుల్,” అంటూ రాఘవేందర్ తన సీడీ ప్లేయర్ కోసం చేయి చాపాడు.

“నా చేతుల బాగుగాని సెట్టు అమీర్‌పేటల లేదు,” అన్నాడు మెకానిక్ యెషయా, దాన్ని వదలకుండా.

పక్కనే ఉన్న ఆయన భార్య మగ్దలీనమ్మ వంగి చూసింది. కొత్త లెన్స్ అడుగు పలక మీద ఆవగింజంత సోల్డర్ చుక్క, అతుకులు వేసే లోహపు బొట్టు, అలాగే ఉంది. చేతి తాకిడికి లోపలి లేజర్ పాడవకుండా కంపెనీవాళ్లు పెట్టే చుక్క అది. బిగించాక తీసేయాలి, లేకపోతే లేజర్ వెలగదు. ముప్పై ఏళ్లుగా ఆమెకు ఆ మాట చెబుతున్నది యెషయానే.

తీసి పక్కన పడేసిన మొదటి లెన్స్ మీదా చుక్క ఉంది. రెండుసార్లు మరిచిపోయే మనిషి కాదు. కళ్లకు ఆనలేదన్నమాట.

ఆమె ప్లగ్గు పీకి, సోల్డరింగ్ ఐరన్ అందుకుని చుక్క తీసేసింది. మళ్లీ ప్లగ్గు పెట్టగానే డిస్కు తిరిగి పాట మొదలైంది.

“చుక్క తీసే పని నాది బిడ్డా. ఇయ్యాల మర్చిపోయిన.”

“గట్లనా!” రాఘవేందర్ నవ్వాడు. “అంకుల్‌కు కండ్లు పోయినయేమో అనుకున్న.”

“పోయినయి,” అన్నాడు యెషయా తలెత్తి. “గీమె నా కోసం అబద్ధమాడుతుంది. నాకే కనవడలే. అయితే ఏంది? గీ దుకాణంల నాలుగు కండ్లున్నయి. రెండే పోయినయి.”

మగ్దలీనమ్మ ఐరన్ కింద పెట్టకుండానే బల్ల మీదున్న ఇంకో సెట్టు తన ముందుకు లాక్కుంది.