తెర మీద కురవని మంచు

“మీ వైపు మంచు పడట్లేదు మేడమ్,” అన్నాడు ఫోనులో రోడ్ల ఆఫీసు మనిషి. “నా ముందు రాడార్ తెర ఉంది. అందులో మీ గుట్ట ఖాళీగా కనిపిస్తోంది.”

“నా ముందు కిటికీ ఉంది,” అంది మార్నీ. “అందులో దొడ్డిగోడ కనిపించడం మానేసింది.”

జనవరి నెల. సాయంత్రం నాలుగింటికే చీకటి. చీకట్లో మంచు పడుతోందో లేదో తెలియాలంటే ఆకాశం కేసి చూసి లాభం లేదు, దీపం కేసి చూడాలి. ఆ కొండల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మార్నీ మధ్యాహ్నం నుంచీ గొర్రెల కొట్టం దీపాన్నే చూస్తోంది. ముందు పిండి జల్లించినట్టు పడింది. ఇప్పుడు దోసిళ్ళతో పోస్తోంది. కింద ఊళ్ళో మాత్రం చినుకు కూడా లేదట! రేడియోవాడు నాలుగు రోజులుగా చలి, చలి అని వణుకుతున్నాడే తప్ప మంచు మాట ఎత్తడు.

“ఇంట్లో కాన్పు నొప్పులు బాబూ. నెలాఖరుకి అన్నారు, తొందరపడింది. పురుడు పోసే నర్సు కింద వంతెన దగ్గరే ఆగిపోయింది, కారు జారిపోతోందట. ఆస్పత్రికి పోదామంటే కనుమలో లారీ అడ్డం పడి దారి మూసేశారు. మంచు కరిగేలా ఉప్పు చల్లే బండి ఒక్కటి మా దారిన పంపండి, చాలు.”

“మీ దారి ఉప్పు చల్లే జాబితాలో లేదండీ. మొదటి కాన్పా?”

“మొదటిదే.”

“అయితే ఇంకా బోలెడు టైముంటుంది. ఆవిణ్ణి కదలకుండా పడుకోమనండి.”

“ఆవిడ పడుకునే రకం కాదు.”

మార్నీ కిటికీ చెక్క గట్టిగా పట్టుకుని కాసేపు మాట్లాడలేదు. అవతలి మనిషి అది కోపమనుకున్నాడేమో, గొంతు తగ్గించి, రేపు పొద్దున చూద్దామన్నాడు.

“రేపటికి బిడ్డ పుట్టేసి ఉంటుంది. అదైనా మీ తెర మీద కనిపిస్తుందేమో చూసుకోండి!” అని ఫోను పెట్టేసింది.

అత్తగారు డోరీన్ మేడమీద గదిలో పక్క వేసి, పొయ్యి రాజేసి, ఆయాసపడుతూ దిగి వచ్చింది.

“ఏమన్నారే?”

“మన గుట్ట మీద మంచు లేదట. మనకే కళ్ళు లేవట.”

“ఖర్మ! కల్లమ్ అయినా ఉంటే బాగుండేది.”

కల్లమ్ మార్నీ మొగుడు. పొట్టేళ్ళని తీసుకుని పొద్దున్నే సంతకి వెళ్ళి, కనుమకి అవతల చిక్కుకుపోయాడు. ఇక మిగిలింది డోరీన్. ఆవిడకి పురుడు పోయడం వచ్చు, గొర్రెలకి.

మార్నీ గోడకున్న ట్రాక్టరు తాళంచెవి తీసింది. డోరీన్ గుండెలు బాదుకుంది.

“వద్దే! నీకేమన్నా మతి పోయిందా? ఆ దారి పక్కనంతా లోయ!”

“ఈ ఇంట్లో ట్రాక్టరు తోలడం ఎవరికొచ్చు అత్తయ్యా? మీకొచ్చా?”

“నాకు సైకిలే రాదు.”

“మరింకేం. నీళ్ళు కాగబెట్టండి.”

“వాడొస్తే నా పీక పిసుకుతాడే తల్లీ!”

“ముందు రానివ్వండి. తరవాత పిసుకుతాడో లేదో చూద్దాం.”

తన కోటు వదిలేసి మొగుడి పెద్ద కోటు తొడుక్కుంది. టోపీ చెవుల కిందికి లాక్కుంది. ట్రాక్టరు వెనక ఎరువు చల్లే యంత్రం తగిలించి ఉంది. పొద్దున్నే కల్లమ్ వెళ్ళేముందు అతని చేత అందులో ఉప్పు నింపించింది. తెరలని నమ్ముకుని కాదు, తన కళ్ళని నమ్ముకుని. ఆఫీసు జాబితాలో లేకపోతే పోయింది, ఈ దారి తనది.

వంతెన దాకా నాలుగు మలుపులు. యంత్రం గిర్రున తిరుగుతూ వెనకాల ఉప్పు చల్లుతోంది. మొదటి మలుపులో బండి ఆపేసింది. స్టీరింగు మీద తల ఆనించి, అరవై దాకా లెక్కపెట్టి, మళ్ళీ కదిలింది. రెండో మలుపులోనూ ఆగింది. మూడో మలుపులో చక్రం ఒకటి అంచుకి జారింది. “మంచు లేదట, మంచు!” అని పళ్ళు కొరికి, ఆఫీసు మనిషిని ఏడు తరాలూ తిట్టి, బండిని దారిలోకి లాగింది. అక్కడ ఇంకాస్త ఎక్కువసేపు ఆగింది. జారేచోట తొందర పనికిరాదు.

వంతెన దగ్గర నర్సు కారు అద్దం దించి తల బయటపెట్టింది. ఎప్పుడూ వచ్చే ఆవిడ కాదు, కొత్తావిడ.

“చల్లగా ఉండు నాయనా! తండ్రివి నువ్వేనా?”

ఇంజను హోరులో ఏం చెప్పినా వినపడదు. వెనకే రమ్మని మార్నీ చెయ్యి ఊపి, బండి తిప్పింది. ఉప్పు పడ్డ దారిలో కారు బుద్ధిగా ఎక్కింది. పైకెక్కేటప్పుడు కూడా మలుపుల్లో ట్రాక్టరు ఆగుతూనే ఉంది. నర్సు విసుక్కుని రెండుసార్లు హారను కొట్టింది.

ఇంటి ముందు ఆగీ ఆగగానే నర్సు సంచీ పట్టుకుని గుమ్మం వైపు పరుగెత్తింది. మేడ మీద దీపం చూసి, సగంలో వెనక్కి తిరిగి అరిచింది.

“తల్లి ఆ గదిలోనేనా? నొప్పులు ఎంతసేపటికొకటి వస్తున్నాయయ్యా?”

“మలుపుకొకటి,” అంటూ మార్నీ నిండు పొట్ట పట్టుకుని ట్రాక్టరు మెట్లు ఒక్కొక్కటే దిగింది.