మంచం వాపసు

“ఆ మంచం మీరు వెనక్కి తీసుకోవాల్సిందే టీచరమ్మా,” అన్నాడు పెంచలప్రసాద్, నెత్తిమీది హెల్మెట్ అయినా తీయకుండా.

కరుణాకుమారి గడప దాటి రాలేదు. బుచ్చిరెడ్డిపాలెం నుంచి బిట్రగుంట దాకా ఎండలో మోటార్ సైకిల్ మీద వచ్చిన మనిషి. కూర్చోమనడం మర్యాద. కూర్చుంటే మాట పెరుగుతుంది. ఆమెకున్న ఓపిక ఈ మధ్య బడిలోనే ఖర్చయిపోతోంది.

“తల వైపు లేపే పిడి తిరగడం లేదా?”

“తిరగతా ఉంది.”

“పరుపు చినిగిందా?”

“లేదమ్మా. మంచం బంగారం. కానీ సారు దానిమీదే పోయినారంట గదా! మంచం తోలుకొచ్చిన టెంపో ఆయన మా ఇంటి ముందర ఆగి, మా అమ్మ వినేటట్టే అనేసినాడు. అంతే, ఇంక ఆమె దాన్ని ఎక్కలా. తుంటికి ఆపరేషనైన మనిషి, రాత్రులంతా కుర్చీలో కూర్చోని మూలగతా ఉంది. ఆ ఒక్క మాట మీరు ముందే చెప్పుంటే ఎంత బాగుండేది!”

“చెప్పాను. రాశాను కూడా.”

ఆమె లోపలికి వెళ్ళి ఫోను తెచ్చింది. వాడిన సామాన్లు అమ్ముకునే యాప్‌లో తాను పెట్టిన ప్రకటన తీసి అతని ముందు పట్టుకుంది.

“ఆస్పత్రి మంచం, పరుపుతో సహా. నా భర్త నాలుగు నెలలు వాడారు. దీనిమీదే నిద్రించారు. అమ్మిన తర్వాత వెనక్కి తీసుకోలేను.”

ప్రసాద్ రెండుసార్లు చదివాడు.

“ఇందులో పోయినట్టు యాడుంది?”

“నిద్రించారు అని ఉంది కదా.”

“మంచం మీద నిద్రపోకుండా ఇంకేం జేస్తారమ్మా! నేను ఇది చదివి మా ఇంట్లో ఆమెతో, చూడు, సారు సుఖంగా నిద్రపోయినాడంట, మంచి మంచం అని గూడా చెప్పినాను. తెలుగు టీచరు గదా, మా బోటోళ్ళకు తెలిసేటట్టు రాయొచ్చు గదా!”

నవ్వు రావలసిన మాటే. భర్త టైటస్ ఉంటే పగలబడి నవ్వేవారు. పిల్లలకు నానార్థాలు చెప్పే నీకే ఇట్లా జరగాలి అనేవారు.

“మా సంఘంలో చనిపోయారు అనం,” అంది నెమ్మదిగా. “ప్రభువులో నిద్రించారు అంటాం. మళ్ళీ లేస్తారని నమ్మకం కాబట్టి.”

ప్రసాద్ హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. అతని గొంతు తగ్గింది.

“నాకు తెలవదమ్మా. తప్పుగా అనుకోబాకండి. మీరు దాచిపెట్టినారని కాదు. కానీ మా అమ్మ...”

“నేను తీసుకోలేను.”

“బండి బాడుగ నేను పెట్టుకుంటా. మీరు ఎంతిచ్చినా సరే.”

“డబ్బు గురించి కాదు ప్రసాద్ గారూ.”

ముందుగదిలో కిటికీ పక్కన, మంచం కాళ్ళు ఆనిన చోట నేలమీద నాలుగు మచ్చలు ఇంకా పోలేదు. టైటస్ వెళ్ళిపోయాక ఆ ఖాళీ మంచాన్ని దాటలేక, పెరటి దారిన ఇల్లంతా చుట్టి బడికి వెళ్ళేది. అది పోయాకే ముందుగదిలో నడవగలుగుతోంది. అది మళ్ళీ ఈ గడప దాటి లోపలికి రాకూడదు. ఆమె కోరుకున్నది అంతే.

అతని జేబులో ఫోను మోగింది. “మా ఇంటామె,” అని చెప్పి గేటు దగ్గరికి నడిచాడు.

“చెప్పు... ఏందీ?... ఎప్పుడు?” అంతలోనే గొంతు సన్నబడింది. “ఆ మంచం మీదేనా? తానే అడిగి ఎక్కిందా?... సరే, సరే. టీవీ ఆపెయ్యి. పిల్లోళ్ళను పక్కింటికి పంపించు. ఎవుర్నీ గట్టిగా అరవనియ్యబాక. నేను వస్తా ఉండా.”

తిరిగి వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

“అమ్మ నిద్రపోయిందంట టీచరమ్మా. ఆ మంచం మీదే.”

తన దగ్గర విన్న మాటను అతను ఇంత త్వరగా వాడుకోవలసి వచ్చింది. కరుణాకుమారి గడప దాటి వచ్చి అతని పక్కన నిలబడింది.

“ఎప్పుడు?”

“ఇప్పుడేనంట. నొప్పి నొప్పి అని ఎంత అల్లాడిందో. అంతా ఒక్కసారిగా సద్దుమణిగిందంట.”

ఇట్లాంటప్పుడు జనం ఏమేమి అంటారో ఆమె అన్నీ విని ఉంది. వాటిలో ఒక్కటీ అనలేదు. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. మంచానికి ఆవేళ అతను ఇచ్చిన డబ్బు బీరువాలో కవరులోనే ఉంది. అది కూడా తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“మంచం తీసుకురండి. ఈ రోజే.”

“ఏందమ్మా?”

“ఖాళీ మంచం ఇంట్లో ఉంటే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. మీరు దాన్ని రోజూ చూడొద్దు. బండి బాడుగ కూడా నేనే ఇస్తాను. దాని చోటు ఇక్కడ అట్లాగే ఉంది.”

ఆమె ముందుగది తలుపు రెండో రెక్క కూడా బార్లా తెరిచి, పక్కకు తప్పుకుంది.

పెంచలప్రసాద్ తెరిచిన తలుపును చూశాడు. చేతిలో కవరును చూశాడు. గబుక్కున లేచి, కవరు ఆమె చేతిలోనే పెట్టేశాడు.

“ఈ పొద్దు వద్దు టీచరమ్మా, మీకు దణ్ణం పెడతా! ఇన్ని రాత్రుల తర్వాత ఇప్పుడే కన్ను మూతపడింది, మంచం కోసమని లేపితే మా అమ్మ నన్ను చంపేస్తాది!”