ఆగి వేసే అడుగు

ఒంగోలు బస్టాండు ఎదురుగా మస్తాన్‌బీ రిపేరు కొట్టు. కృత్రిమ కాళ్లూ చేతులూ వీధివీధికీ వచ్చేసిన రోజులవి. ఏటా వాటిని నడిపే ప్రోగ్రామును, అంటే కెర్నల్‌ను, కొత్తగా బిల్డ్ చేయకపోతే అవి కదలవు. ఆ ఉదయం బస్సు కండక్టర్ కోటేశ్వరి కుడికాలు బల్లమీద ఉంది.

బిల్డ్ మూడుసార్లు మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకుందో రాసిలేని పంక్తి ఒక్కటున్నా, ప్రోగ్రామును బిల్డ్ చేసే కొత్త కంపైలర్‌కు గిట్టదు. మూడుసార్లూ ఒకే చోట తప్పు పట్టింది. మెట్టు దిగేముందు కాలు అరక్షణం ఆగాలని ఆ పంక్తిలో ఉంది.

"మొదట ఈ కాలు బిగించినోళ్లు రాసుంటారక్కా. తీసేస్తే సరిపోద్ది," అంటూ మస్తాన్‌బీ దాన్ని తీసేసింది. బిల్డ్ పూర్తయింది.

కోటేశ్వరి కాలు తొడుక్కుని కొట్టు మెట్లు దిగబోయింది. ఆమె ఇంకా నిలబడి చూస్తుండగానే కాలు ముందుకు పోయింది. మస్తాన్‌బీ పట్టుకోకపోతే బోర్లా పడేదే.

"యాక్సిడెంటైన కాణ్ణుంచి మెట్టు కనపడితే కాసేపు ఆగుతాను," అంది కోటేశ్వరి నెమ్మదిగా. "ఆ సంగతి ఎవరో కనిపెట్టి దీంట్లో రాశారని నాకే తెలీదు."

మస్తాన్‌బీకి తన తొందరకు సిగ్గేసింది. ఆ పంక్తిని మళ్లీ పెట్టి, పక్కన కారణం రాసింది: మనిషికి భయం.

కోటేశ్వరి తెరవైపు వంగి చదివింది. "భయమని రాయమాక తల్లీ. చూసుకుని అడుగేస్తదని రాయి."

మస్తాన్‌బీ అలాగే మార్చింది. కంపైలర్ ఈసారి ఒప్పుకుంది. కోటేశ్వరి మెట్టు దగ్గర ఆగింది. ఆమెతోపాటు కాలూ ఆగింది. తర్వాత దిగింది.