బోర్డు మీది మాట

“తమ్ముణ్ణి ట్యాంకులోకి దిగకుండా ప్రివెంట్ చేశానని కొట్టమ్మా,” అన్నాడు ఫిట్టర్.

తమ్ముడి చావు గురించి అతనిచ్చే వాంగ్మూలాన్ని ఇంగ్లీషులో టైపు చేస్తున్న అమ్మాయి వేళ్లు ఆగిపోయాయి.

“ఆ మాట ఇక్కడ కుదరదు బాబాయ్. ప్రివెంట్ అంటే ఆపేయడం. మీరు ఆపి ఉంటే తను…” మిగతాది మింగేసింది. “ప్రొహిబిట్ అని రాస్తాను. ట్యాంకు మీద బోర్డులో ‘ఎంట్రీ ప్రొహిబిటెడ్’ అని ఉంటుందే, ఆ మాట. వద్దని చెప్పడం.”

“రెండూ ఒకటే కదమ్మా? లోపల గ్యాసుంది, దిగొద్దురా అని మూడుసార్లు మొత్తుకున్నాను.”

“తనేమన్నాడు?”

“నవ్వాడు. ‘నీదంతా చాదస్తం అన్నయ్యా. నిచ్చెన పట్టుకో, రెండు నిమిషాల్లో వచ్చేస్తా’ అన్నాడు.”

“మరి మీరు?”

ఫిట్టర్ తన అరచేతులవైపు చూసుకున్నాడు. ఎన్నిసార్లు కడిగినా గీతల్లోంచి తుప్పు మరక పోలేదు.

“పట్టుకున్నాను.”

ఆ అమ్మాయి మళ్లీ కీబోర్డు మీదికి వంగింది.

“ఆ బోర్డు మాటే రాయమ్మా,” అన్నాడు ఫిట్టర్. “నాకంటే బోర్డే నయం. అదీ వద్దనే చెప్పింది. కానీ నిచ్చెన పట్టుకోలేదు.”