మామగారి పరుపు

"ముట్టుకోకు నాయనా!" అంటూ మామగారు పరుపు మీద రెండు చేతులూ పరిచి అడ్డం కూర్చున్నారు.

పురుగుల మందు కొట్టే మనిషి వీపున డబ్బాతో గుమ్మంలోనే ఆగిపోయాడు. కోడలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పరుపు అంచున కుట్టు వెంట నల్లులు బారులు తీరి ఉన్నాయి. కొన్ని రక్తం తాగి ఉబ్బిపోయి కదల్లేక కదులుతున్నాయి. దుప్పటి నిండా తుప్పు రంగు చుక్కలు. గదంతా ముక్కిపోయిన కంపు.

"ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను మేడమ్. ఒక్క పరుపులో ఇన్ని ఎప్పుడూ చూళ్ళేదు. ఎవరో తెచ్చి పోసినట్టున్నాయి" అన్నాడతను.

"పోసేదెవరు? ఈయనే పెంచుతున్నారు" అంది కోడలు.

వాళ్ళది జైనుల ఇల్లు. చీమను కూడా చంపకూడదని ఆమె పుట్టింట్లోనూ చెప్పారు. పొద్దుగూకాక తినకపోవడం, నీళ్ళు గుడ్డలో వడగట్టి తాగడం, దుంపలు వంటింట్లోకి రానివ్వకపోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే. కానీ మామగారిది మరీ విడ్డూరం. భోంచేసిన కంచంలోనే నీళ్ళు పోసి, వేలితో కడిగి, ఆ కడుగునీళ్ళు గటగటా తాగేస్తారు. ఎంగిలి మిగిలితే అందులో పురుగు పుడుతుందట, పుట్టినది చస్తుందట. అది చూసిన పూట ఆమెకు ముద్ద దిగదు. అది చాలనట్టు, పాప పుట్టిన దగ్గర్నుంచీ ఈ నల్లులు. ఆయన మెడ మీద, చేతుల మీద, చెవుల వెనక వరసగా దద్దుర్లు. గోకి గోకి పుండ్లు పడ్డాయి. ఆ చేతులతోనే మనవరాలిని ఎత్తుకుంటానంటారు.

"మామయ్యా, ఇవాళ తేలిపోవాలి. మందైనా కొట్టించాలి, లేదా..." మిగతా మాట మింగేసింది.

"లేదా నేను వెళ్ళిపోవాలి. అంతేగా అమ్మా?"

ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకు మరీ ఒళ్ళుమండింది.

"పసిపిల్ల ఉన్న ఇల్లు ఇది. ఇవి పాకి దాని దగ్గరికి పోతే?"

"ఇన్నాళ్ళలో పాపని ఒక్కటైనా కుట్టిందా అమ్మా?"

కుట్టలేదు. అది నిజమే.

"కుట్టేదాకా చూస్తూ కూర్చోమంటారా?" అంది.

మందు మనిషి ఇబ్బందిగా కదిలాడు. "మిగతా గదులు కూడా చూస్తాను మేడమ్. ఇవి ఒక్క చోట ఉండే రకం కాదు."

"మా గది అద్దంలా ఉంటుంది. పాప ఊయల్లో ఇప్పుడే నిద్రపోయింది. ఆ డబ్బా పట్టుకుని అటు రావద్దు" అంది కోడలు.

ఆ ఊయల ఆమె ముచ్చటపడి పాత సామాన్ల కొట్లో బేరమాడి కొన్నది. గట్టి చెక్క, చేతిపని. దాన్ని తుడవడం మామగారికి మరో పిచ్చి. రోజూ పాప నిద్రకు ముందు నోటికి గుడ్డ కట్టుకుని, మెత్తటి బ్రష్షుతో కీలు కీలూ అరగంట సేపు తుడుస్తారు. ఆ దుమ్మయినా బయట పారెయ్యరు. రేకు డబ్బీలోకి తుడుచుకుని, తన గదిలోకి పట్టుకుపోయి తలుపేసుకుంటారు. దుమ్ములోనూ ప్రాణులుంటాయట! దుమ్ము మీద ఉన్న జాలి కోడలి మీద లేదని ఆమె బాధ.

"మందు వద్దమ్మా. నేనే వెళ్తాను, పరుపుతో సహా. సాధువులు బస చేసే మందిరం వెనక ఒక గది ఖాళీగా ఉంది" అన్నారు మామగారు.

"పరుపుతోనా!" మందు మనిషి నోరు తెరిచాడు. "పెద్దాయనా, మిమ్మల్ని పీల్చి పిప్పి చేస్తాయి అవి."

"ఎవరో ఒకర్ని తినాలిగా నాయనా. నాకైతే గోక్కోవడానికి చేతులున్నాయి."

కోడలు భర్తకు ఫోన్ చేసింది. "మీరూ మీరూ తేల్చుకోండి" అని అతను పెట్టేశాడు.

తేలిపోయింది. గంటలో బండి వచ్చింది. పరుపును పట్టాలో చుట్టి ఎక్కించారు. మామగారు నిద్రపోతున్న పాపను దూరం నుంచే కాసేపు చూసి, గుమ్మంలోకొచ్చి కోడలికి చేతులు జోడించారు.

"తెలిసో తెలియకో నీ మనసు నొప్పించి ఉంటే క్షమించమ్మా. ఊయల మాత్రం రోజూ తుడువు. కీళ్ళు ముఖ్యం." బ్రష్షూ డబ్బీ ఆమె ముందు పెట్టారు. ఇంకేదో చెప్పబోయి, మందు డబ్బా వైపు చూసి ఆగిపోయారు.

"అలాగే" అంది కోడలు. బండి వీధి మలుపు తిరగ్గానే రెండింటినీ కాగితంతో పట్టుకుని చెత్తబుట్టలో పడేసి, చేతులు మూడుసార్లు కడుక్కుంది.

ఆయన గదికి మందు కొట్టించింది. గోడలకు సున్నం వేయించింది. పీడ విరగడైందనుకుంది. చాలా నెలల తర్వాత కడుపునిండా తింది. మామగారు ఎలా ఉన్నారని భర్త రెండుసార్లు అడిగితే, "నల్లులకు ఆకలి తీరుస్తూ హాయిగా ఉండుంటారు" అంది.

పదో రోజు మధ్యాహ్నం పాప కెవ్వుమంది. పరుగెత్తుకెళ్ళి ఎత్తుకుంది. పాప వీపు మీద వరసగా ఎర్రటి దద్దుర్లు. అచ్చం మామగారి మెడ మీద ఉన్నట్టే.

పరుపు పోయింది, మనిషి పోయాడు, మరి ఇవెక్కడివి? పక్కబట్ట తీసి దులిపింది. ఏమీ రాలలేదు. పాపను భుజాన వేసుకుని, మామగారు రోజూ బ్రష్షు పెట్టే చోటికి వంగి చూసింది.

ఊయల కీళ్ళ నిండా నల్లులే.