పద్దెనిమిదేళ్ళ ఖాళీ

ఆ ఉదయం కార్ల వ్యాపారి చేతిలో ఉన్నవి ఒక పాత కారు, ఒక ఫైలు, ఒక అబద్ధం. మూడింటికీ మెరుగు పెట్టడానికి మూడేళ్ళు పట్టింది. కారుకంటే అబద్ధమే నున్నగా వచ్చిందని అతని బావమరిది అంటూ ఉంటాడు.

కొనడానికి వచ్చినావిడకి అరవై ఏళ్ళుంటాయి. ముందు నంబరు పలక చూసింది, ఆ తర్వాత కారు జోలికే పోలేదు. స్టూలు మీద కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, కాయితాలు అడిగింది.

వ్యాపారి ఫైలిచ్చి, అలవాటైన పాఠం మొదలుపెట్టాడు. ఇంజనూ చక్రాలూ కంపెనీవి. పైన బాడీ మాత్రం కొలతలిచ్చి బట్టలు కుట్టించుకున్నట్టు విడిగా చేత్తో కట్టించుకున్నది. చెక్క చట్రం మీద రేకు తొడిగారు. ఇలాంటి బాడీ మళ్ళీ ఇంకో బండికి కట్టలేదు. కట్టించుకున్నది నూలుమిల్లు ఆసామి. ఆయన దగ్గర పళ్ళ డాక్టరు కొన్నాడు. చివరికి కోళ్ళఫారం వాడి పాకలో దొరికితే తను తెచ్చుకున్నాడు.

ఆవిడ వేలు ఒక పేజీ దగ్గర ఆగింది. "డాక్టరుకీ కోళ్ళఫారానికీ మధ్య పద్దెనిమిదేళ్ళు ఖాళీగా ఉందేంటండీ?"

ఆ ఖాళీని నింపే పేజీ వ్యాపారి ఇంట్లో, బీరువాలో, చీరల కింద ఉంది. అతను గొంతు కాస్త తగ్గించాడు. డాక్టరుగారు పోయాక ఆయన భార్య దీన్ని షెడ్డులో పెట్టి తాళం వేసిందనీ, భర్త గుర్తని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదనీ చెప్పాడు. ఇక్కడికి వచ్చేసరికి ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. మగవాళ్ళు బేరం ఆడటం మానేస్తారు.

ఆవిడ కళ్ళు పొడిగానే ఉన్నాయి. "పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారీ బయటికి రాలేదా?"

"చక్రం కదల్లేదమ్మా."

అవతల వెనక తలుపుకి నూనె రాస్తున్న బావమరిది దగ్గాడు. ఈ కారు వడ్రంగం అంతా అతనిదే. నిజం చెప్పేద్దాం బావా అని అతను మొదట్నించీ పోరుతూనే ఉన్నాడు. ఒకసారి చెప్పి చూశారు కూడా. కూతురి పెళ్ళికి కొనాలని వచ్చిన పెద్దమనిషి, విన్న వెంటనే తన చెయ్యి కారు మీంచి తీసి, జేబురుమాలుతో తుడుచుకుని వెళ్ళిపోయాడు. "నువ్వు మేకులు కొట్టు, కోతలు నేను కోస్తాను" అన్నాడు వ్యాపారి ఆ రోజున. ఈ నెలాఖరులోగా కారు పోకపోతే షెడ్డు పోతుంది. షెడ్డు పోతే ఇద్దరి పనీ పోతుంది.

ఆవిడ ఫైలు మూసి లేచింది. "అయితే ఇది నేను వెతికే బండి కాదు. నంబరు కలిసింది గానీ, పలక పీకి ఇంకో బండికి బిగించడం మీ వ్యాపారంలో ఎంతసేపు పని."

వ్యాపారి మనసులో లెక్క చకచకా నడిచింది. నిజం చెబితే ఈవిడ ఎలాగూ పోతుంది, పోతూ నలుగురికీ చెబుతుంది. నోరు మూసుకుంటే ఈవిడ ఒక్కతే పోతుంది, కథ ఇంకొకరికి పనికొస్తుంది. లెక్క ప్రకారం నోరు మూసుకోవడమే లాభం. కానీ కట్టుకథలు చెబుతావంటే నవ్వేసే మనిషి, సరుకు దొంగదంటే మాత్రం పడలేడు. ప్రతి మరా తను చేత్తో విప్పి కడిగి బిగించినది.

"ఆగండమ్మా. నంబరూ దీనిదే, బండీ అదే. అబద్ధం నాది."

బావమరిదికి సైగ చేశాడు. ఇద్దరూ కలిసి వెనక సీటు ఎత్తారు. కింద చెక్కలో నాలుగు కన్నాలు, కొత్త చెక్క బిళ్ళలతో పూడ్చినవి, చట్రం రంగులో కలవకుండా కనబడ్డాయి.

"ఇక్కడ బల్ల ఉండేది. శవాన్ని పెట్టే బల్ల. డాక్టరు దగ్గర అంత్యక్రియల కంపెనీ వాళ్ళు కొన్నారు. పద్దెనిమిదేళ్ళు ఇది శవాల బండి. ఆ పేజీ నేనే తీసేశాను. కావాలంటే తెచ్చిస్తాను, చూసుకుని వెళ్ళండి."

ఆవిడ వెళ్ళలేదు. కారులోకి వంగి ఒక్కో కన్నం మీదా వేలు పెట్టి చూసింది. నాలుగో దాని దగ్గర ఆ వేలు చాలాసేపు ఉండిపోయింది. బావమరిది గుడ్డ పక్కన పెట్టి తల వంచుకున్నాడు. ఈవిడ తల్లో తండ్రో ఇందులోనే వెళ్ళి ఉంటారని ఇద్దరికీ అర్థమయింది. వ్యాపారికి బేరం మీద ఆశ అక్కడితో చచ్చిపోయింది. తన అబద్ధానికి సిగ్గు కూడా వేసింది.

"ఎంతమందిని తీసుకెళ్ళి ఉంటుందంటారు?" అంది ఆవిడ, తల ఎత్తకుండానే.

"రోజుకొకరు అనుకున్నా ఆరువేల అయిదొందల పైమాటే."

"అందరూ పోయినవాళ్ళేనా?"

"ఆ బండిలో ఇంకెవరెక్కుతారమ్మా."

"మీ లెక్కలో ఒకటి తేడా ఉంది" అని ఆవిడ సంచిలోంచి నాలుగు మడతల కాయితం తీసి ఇచ్చింది. అంత్యక్రియల కంపెనీ రసీదు అయి ఉంటుందనుకుని వ్యాపారి జాగ్రత్తగా విప్పాడు. మడతల దగ్గర చిరిగితే అంటించిన జనన ధ్రువపత్రం అది. బిడ్డ ఆడ అని ఉంది, తల్లి పేరుంది, అరవై ఏళ్ళ కిందటి తేదీ ఉంది. పుట్టిన స్థలం అన్న గడిలో ఆసుపత్రి పేరు లేదు, వీధి పేరు లేదు. ఈ బండి నంబరు ఉంది.