ఏడు తరాల గోడ

ఆ ఇంట్లో పెచ్చులూడని గోడ ఒక్కటే. దాన్ని మామగారు తన పూర్వీకులకు రాసిచ్చేశారు.

"ఈ కాలెండర్ ఎక్కడ తగిలించమంటారు మామయ్యగారూ?" మేకు, సుత్తి పట్టుకుని అడిగింది కోడలు.

"ఫ్రిజ్ మీద పెట్టుకో. అక్కడ మా తాతగారి తాతగారున్నారు."

ఉన్నారు. నిలువెత్తు చార్టు మీద ఎర్ర సిరాతో ఏడు తరాలు. మగవాళ్ళకు తలా ఒక గడి, గడి మీంచి పైకొక గీత. పక్కనే చిన్న అక్షరాల్లో భార్య పేరు. ఆ పేర్ల మీంచి మాత్రం గీతలు లేవు. చోటు చాలలేదని ఆయన సంజాయిషీ. పోయినవాళ్ళు గోడెక్కి కూర్చోవడంతో ఉన్నవాళ్ళు తువ్వాళ్ళు కుర్చీల మీద ఆరేసుకుంటున్నారు.

ఆ గోడను చూసే ఆయన్ని వార్డు పెద్దగా వేశారు. తాత ఈ గడ్డ మీద పుట్టాడని రుజువు చూపినవాళ్ళే పౌరులని కొత్త చట్టం. చూపలేనివాళ్ళ ఫైళ్ళు వార్డు పెద్దల దగ్గరికొస్తాయి. పెద్ద కాదంటే ఆ మనిషి ముప్ఫై రోజుల్లో దేశం విడిచి వెళ్ళాలి. మొహమాటాలకు తావు లేకుండా ఫైల్లో పేరు మీద, చిరునామా మీద ఆఫీసులోనే నల్లకాగితం అంటించి పంపుతారు. ఆ సలహా కూడా మామగారిదే.

నెల క్రితం ఇంటిల్లిపాదీ ఫారాలు నింపారు. కోడలు పుట్టింటికి ఫోన్ చేసి మరీ తాత వివరాలు కనుక్కుంది. "మనకేం భయం, గోడుంది" అంటూ మామగారు ఎవరి ఫారమూ తెరిచి చూడకుండానే కవర్లు అంటించి పంపేశారు.

"ఈ రెండువందల పద్నాలుగో ఫైలు సంగతి వినండి," అన్నారాయన ఆ సాయంత్రం కళ్ళజోడు సర్దుకుంటూ. "తాత పేరు తెలియదట. పుట్టిన ఊరు తెలియదట. మూడో ఏట మేనత్త చంకనెక్కి సరిహద్దు దాటాడట. ఇక్కడే అరవై ఏళ్ళట."

"అరవై ఏళ్ళు చాలవా?" ఆయన చొక్కాకి గుండీ కుడుతూ అడిగారు అత్తగారు.

"అరవై ఏళ్ళు అద్దెకున్నంత మాత్రాన ఇల్లు వాడిదైపోతుందా?"

"అరవై ఏళ్ళు ఊడ్చినవాళ్ళది ఎందుక్కాకూడదు?"

"రక్తమనేది ఒకటుంటుంది."

"పోయినేడు మీ ఆపరేషన్‌కి రెండు సీసాలెక్కించారు. అది ఎవరి తాతగారిదో కనుక్కున్నారా?"

కోడలు నవ్వు దాచుకోవడానికి ఫ్రిజ్ తెరిచి అందులో తల పెట్టింది.

మామగారు పేజీ తిప్పారు. "దేశానికి మీరు చేసిన సేవ ఏమిటని అడిగితే ఏం రాశాడో చూడు. 'రోజూ తెల్లవారకముందే లేచి నీళ్ళు పట్టాను.' ఇదొక సేవా?"

"చేసి చూడండి, తెలుస్తుంది."

"లోకంలో ఎవడు పట్టుకోడు నీళ్ళు?"

"మీరు," అని అత్తగారు దారం కొరికారు.

మామగారు ఎర్ర సిరాతో 'అర్హత లేదు' అని రాసి ఫైలు మూశారు. ఎల్లుండి పొద్దున ఆఫీసు బంట్రోతు వచ్చి తీసుకెళతాడు.

"ఆ ఫైలు కింద కొట్లో టైలర్‌ది కాబోలత్తయ్యా," వంటింట్లో గుసగుసలాడింది కోడలు. "ఆయనా చిన్నప్పుడు ఎవరి చంకలోనో వచ్చినవాడే. వారం నుంచి దిగులుతో జాకెట్లకి చేతులు తిరగేసి కుడుతున్నాడు."

"ఎవరిదైతే ఏం, వెళ్ళమన్నాక వెళ్ళాల్సిందే," అన్నారు అత్తగారు గిన్నె తోముతూ.

ఆ గుసగుస మామగారి చెవిన పడింది. మర్నాడంతా ఆయన కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. కింద కుట్టుమిషను చప్పుడు ఆగినప్పుడల్లా బాల్కనీలోంచి తొంగి చూశారు.

సాయంత్రం టైలరే పైకొచ్చాడు. "పెద్దాయనా, నా కాగితం వచ్చేసింది. మా ఇల్లున్న పక్క వార్డు పెద్ద ఒప్పుకున్నాడు."

మామగారు గట్టిగా ఊపిరి వదిలారు. "అయితే అది నువ్వు కాదన్నమాట."

"ఏది కాదండీ?"

"ఏం లేదు. ఈ గుండీ బాగా కుట్టావు."

"అది నేను కుట్టలేదండీ."

మూడో రోజు ఆ ఇంటికి ఏడింటికి తెల్లవారింది. ఐదింటికొచ్చి ఐదున్నరకి పోయే కుళాయి ఎప్పుడో పోయింది. నోట్లో పేస్టుతో మామగారు డ్రమ్ములోకి వంగి చూశారు. అడుగున ప్లాస్టిక్ చెంబు ఒక్కటే ఉంది.

గదిలో అత్తగారు మెడదాకా దుప్పటి లాక్కుని పైకప్పు వంక చూస్తున్నారు.

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది."

"మరి నీళ్ళు?"

"అది సేవ కాదన్నారుగా. మానేస్తే దేశానికేం నష్టం?"

"ముక్కూమొహం తెలియనివాడి కోసం ఇంట్లో సమ్మె చేస్తావా?"

"ముక్కూమొహం తెలియకుండా కాగితం అంటించమన్నది మీరేగా."

వీధి తలుపు చప్పుడైంది. బంట్రోతు. "అయ్యగారూ, రెండువందల పద్నాలుగు ఇస్తే వెళతాను."

మామగారు తువ్వాలుతో మూతి తుడుచుకుని, ఇచ్చేముందు ఫైలు ఇంకోసారి తెరిచారు. 'తెల్లవారకముందే లేచి' దగ్గర ఆగారు. ఖాళీ డ్రమ్ము వైపు చూశారు. ఫైలు చేత్తో పట్టుకునే గోడ దగ్గరికి నడిచి, చార్టు మీద వేలితో తన గడి వెతుక్కున్నారు. వేలు కాస్త పక్కకి జరిగి, గీత లేని చిన్న అక్షరాల మీద ఆగిపోయింది.

"అయ్యగారూ, ఆలస్యమవుతోంది," అన్నాడు బంట్రోతు.

మామగారు 'అర్హత లేదు' అన్నదాన్ని అడ్డంగా కొట్టేశారు. సిరా అవతలి పేజీకి దిగింది. గది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. అత్తగారు ఇటు తిరగలేదు.

"తప్పు నాదే," అన్నారాయన, "ఈ ఫైలు నీది."